వెనక ఎవరున్నారో చూసేవాడు

ఏ పని మొదలుపెట్టినా అతను ముందు తల కొంచెం పైకెత్తి ఓరగా చూస్తాడు. భోజనానికి కూర్చున్నప్పుడు, గొడుగు విప్పేటప్పుడు, మంగలి మెడ చుట్టూ గుడ్డ కడుతున్నప్పుడు కూడా. అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. గోడ ఉంటుంది, లేకపోతే గాలి. అతను స్కూలు బస్సు నడుపుతాడు. బస్సులో సరిగ్గా ఆ ఎత్తులో ఒక అద్దం ఉంటుంది. వెనక పిల్లలందరూ కూర్చున్నారని అందులో చూసుకోకుండా బండి కదిలించడం అతనికి రాదు.

మేము స్నేహితులం అతన్ని అద్దం అని పిలుస్తాం. కోపం వచ్చినప్పుడు అతని భార్య, మా వదిన కూడా అలాగే పిలుస్తుంది.

మెకానిక్ షెడ్డు మీద రెండు గదుల్లో వాళ్ళ కాపురం. తలుపు పక్కన మేకుకు బస్సు తాళంచెవి వేలాడుతుంది. దానికి ఒక ఎర్ర ఊలు బంతి కట్టి ఉంటుంది, ఎప్పుడో ఒక పిల్ల చేసి ఇచ్చింది. కిటికీ గట్టు మీద బస్సులో దొరికిన వస్తువులు: ఒంటరి మేజోడు, నీళ్ళ సీసా మూత, తోక తెగిన రబ్బరు బల్లి. వాటి కోసం ఎవరూ రారు. వస్తారేమోనని ఉంచుతాడు.

వానలు తగ్గిన దగ్గర్నుంచి అతని ఎడమ కన్ను మసకేసింది. ఆ సంగతి వదినకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. స్కూలువాళ్ళు ఏడాదికోసారి చేయించే కంటి పరీక్షకు ఇంకా నెలలున్నాయి.

"నిద్ర చాలక," అన్నాడు అతను నా ముందే.

"నువ్వు గుర్రు పెడితే కింద షెడ్డువాళ్ళు ఏ బండి స్టార్టయిందా అని చూస్తారు. నీకు నిద్ర చాలకా?" అంది వదిన. "అన్నయ్యా, కళ్ళ డాక్టరుకి చూపించుకోమని మీరైనా చెప్పండి."

నేను చెప్పాను. ఆమె వంటగదిలోకి వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అన్నాడు: "పరీక్షలో తప్పితే బస్సు ఇవ్వరురా. బస్సు లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చూడాలి?"



చలి ముదిరేలోపు ఒక ఆదివారం నలుగురం అడవి బాటన కొండ మీది బండదాకా వెళ్ళి రావడం మాకు ఏటా ఉన్న అలవాటు. అద్దం, తాళాలు బాగుచేసే మేస్త్రి, నేను, బేకరీ నడిపే బన్ను. బన్ను అన్నది అతని ఒంటిని చూసి పెట్టిన పేరు. అతను ఎప్పుడూ చివరే. అద్దం ఎప్పుడూ ముందు. మలుపు వచ్చిన ప్రతిచోటా అద్దం ఆగి వెనక్కి చూస్తాడు, అందరూ కనిపించాకే అడుగు వేస్తాడు. మిగతావాళ్ళం వెనక్కి చూడం. ఆ అవసరం మాకెప్పుడూ రాలేదు. బస్సెక్కిన పిల్లలకు వస్తుందా?

ఆ ఏడు బాట బాగా పాడైంది. వానకు మట్టి కొట్టుకుపోయి వేళ్ళు పైకి తేలాయి. రాలిన ఆకుల కింద రాయి ఉందో గుంట ఉందో తెలియదు. సగం ఎక్కేసరికి మోకాళ్ళు మాట వినడం మానేశాయి.

"ఒరేయ్ మేస్త్రీ, ఈ కొండకి లిఫ్టు ఉంటే దాని తాళం నీ దగ్గరే ఉండాలే," అన్నాడు బన్ను రొప్పుతూ.

"ఉంది. నిన్ను చూసి దాచేశాను."

బండ మీద బన్ను తెచ్చిన రొట్టె తిన్నాం. కొరికే ముందు అద్దం తల పైకెత్తి చూశాడు. మబ్బు పట్టింది. లేచాం.

దిగేటప్పుడు కాళ్ళ కిందే చూసుకుంటూ నడిచాం.  ఒక మలుపులో అద్దం ఆగి వెనక్కి చూశాడు. మేస్త్రిని, నన్ను చూశాడు. మా మీదుగా చెట్ల మధ్యకు చూశాడు.

"వస్తున్నాడు," అన్నాడు.

బన్ను వేసుకున్నది గోధుమరంగు స్వెటరు.

వాగు మీది చెక్క వంతెన దగ్గర కూలబడ్డాం. బన్ను రాలేదు. "ఏదో పుట్టగొడుగుని పట్టుకుని, దీన్ని ఓవెన్లో పెట్టొచ్చా అని ఆలోచిస్తుంటాడు," అన్నాడు మేస్త్రి. నవ్వాం. తర్వాత నవ్వలేదు.

అద్దం లేచాడు. మేస్త్రిని వంతెన దగ్గరే ఉండమని నన్ను వెంటబెట్టుకుని వెనక్కి బయల్దేరాడు. దిగిన ఎత్తంతా మళ్ళీ ఎక్కాలి. నాకు కాళ్ళు ఉన్నాయనే స్పృహ లేదు. అతను మాత్రం ఆగలేదు. ఆ మలుపు దగ్గర ఆగాడు.

చెట్ల మధ్య ఎండిన మొద్దు ఒకటి ఉంది. మనిషి ఎత్తు, గోధుమరంగు. అతను దాని దగ్గరకు వెళ్ళి చెయ్యి పెట్టాడు. బాట మీదికి తిరిగి వచ్చి ఎడమ కన్ను మూసుకుని చూశాడు. తర్వాత కుడి కన్ను మూసుకుని చూశాడు.

"ఇదే," అన్నాడు.

మరికొంత పైన బన్ను బాట పక్కన కూర్చుని ఉన్నాడు. బూటు ఒళ్ళో ఉంది. చీలమండ ఉబ్బింది.

"గొంతు పోయేలా పిలిచాన్రా. ఒక్కడూ వెనక్కి చూడలేదు."

"నేను చూశాను," అన్నాడు అద్దం.

 బన్ను చేతిని మెడ చుట్టూ వేసుకుని లేపాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను. వంతెన చేరేసరికి వెలుగు తగ్గింది. మేస్త్రి పరుగున వచ్చాడు. అద్దం కూర్చుని జరిగింది చెప్పాడు. కంటి సంగతి కూడా చెప్పాడు. ఏదీ తగ్గించి చెప్పలేదు.

"అలసటరా. ఆ మబ్బులో నాకైనా అలాగే కనిపిస్తుంది," అన్నాడు మేస్త్రి.

"నువ్వు బస్సు నడపవు."

"అయితే?"

"మొద్దుని చూసి మనిషనుకున్నవాణ్ణి. మనిషిని చూసి మొద్దనుకోనని ఏముంది? అది చిన్నపిల్లయితే?"

 బన్ను ఉబ్బిన చీలమండ నిమురుకుంటూ, "నన్ను మొద్దనుకోవడం నీతోనే మొదలు కాదులే. మా ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది," అన్నాడు. అద్దం నవ్వాడు. నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

మళ్ళీ కదిలే ముందు అలవాటుగా తల పైకెత్తాడు. అంతటితో ఊరుకోలేదు. వెనక్కి వచ్చి ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. ఆ తర్వాతే నడిచాడు. అతనికన్నా గట్టి కాళ్ళున్నవాళ్ళను చూశాను. అలాంటి చెయ్యి ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే స్కూలు ఆఫీసుకు వెళ్ళి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"పరీక్షకి ఇంకా టైముంది కదా. ఈలోగా నడిపెయ్," అన్నాడు మేనేజరు.

"నడపను సార్."

అతని బదులు బండి తియ్యడానికి ఒక అమ్మాయిని పిలిచారు. ఆమె అతనికన్నా పొట్టి. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, పైనున్న అద్దాన్ని కిందికి వంచాడు.

"పసుపు గేటు దగ్గర ఒక పిల్ల ఎక్కుతుందమ్మా. మెట్టు మీదే ఆగి బూటు లేసు చూసుకుంటుంది. హారన్ కొట్టకు, ఏడుస్తుంది."

"సరే బాబాయ్."

ఊలు బంతిని తాళంచెవి నుంచి విప్పబోయి, వదిలేశాడు. సీట్ల మధ్యగా నడిచి చిట్టచివర కూర్చున్నాడు.

"కనిపిస్తున్నానా?"

"కొంచెమే."

లేచి వచ్చి అద్దాన్ని ఇంకాస్త వంచాడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

"ఇప్పుడో?"

"బాగా కనిపిస్తున్నావు బాబాయ్."

అప్పుడు దిగి, తలుపు తనే మూసి, కంటి ఆసుపత్రికి వెళ్ళే సిటీ బస్సు కోసం స్టాపులో నిలబడ్డాడు.