జహాజు దిగని బాలయ్య

రాయి అశ్వినీ. బడిల రాసినట్టు కాదు, నేను చెప్పినట్టే రాయి. నడుమ నడుమ నవ్వకు. ఇది జరిగింది. నా రెండు మోకాళ్ల మీద ఒట్టు... నడవనియ్యని మోకాళ్లే గానీ, నాకున్నయి అవే. కామాటిపురల యాభై ఏండ్లకు పైన ఉన్న. ఒకరి చాడీలు ఇంకొకరికి చెప్పిన, లేదనను. దయ్యం ముచ్చట మాత్రం ఎన్నడు చెప్పలె. ఇది దయ్యం ముచ్చటనో కాదో... అది నాకే తెల్వదు.

మొన్న పెత్తరమాసకు, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమాసకు, ముందటి రాత్రి. రాత్రంటే అర్ధరాత్రి కాదు, ఇంకా తొమ్మిది కొట్టలె. నువ్వు, మీ అమ్మ ధారావిల మీ చిన్నమ్మ ఇంటికి పోయి ఉండిరి. మీ నాయిన టాక్సీ మీద ఉండె. మూడో మాలా మీద, ఈ మూడో అంతస్తుల నేనొక్కదాన్నే. మన చాల్ సంగతి, ఈ పాత బిల్డింగు సంగతి ఎరికే గదా. కూలగొడుతమని బిల్డరు కాగితాలు పంచినకాడికెల్లి ఒక్కో గది, ఒక్కో ఖోలి ఖాళీ అయితుంది. మనుషులు పోంగనే కూలోళ్లు వచ్చి దర్వాజలు, కిటికీలు ఊడబెరుకుతున్నరు. గ్యాలరీల బత్తి ఎప్పుడో కట్ చేసిండ్రు. ఆ రోజు మన ఖోలిల గూడ కరెంటు లేదు. బయట వాన. గ్యాలరీ రేకు మీద... టప్... టప్... టప్...

పొద్దంత సామాను కట్టి కట్టి నా నడుము పోయింది. చీరలు ఒక మూట. గిన్నెలు ఒక మూట. ఎంత కట్టినా ఒడవది. దీపం ఒకటి ముట్టించి గోడకు ఒరిగి కూసున్న. లేచి సాప పరుసుకునే ఓపిక గూడ లేదు బిడ్డా, అట్లుండె పాణం.

పొద్దుగాల మీ నాయిన అన్న మాట మనసుల తిరుగుతుండె.

"అమ్మా, రేపు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు ఆ ముసలాయన పేరు గూడ చెప్పేద్దామే" అన్నడు.

"ఏ ముసలాయన రా?"

"ఎవరేంది? జహాజు ఎక్కిపోయినాయన."

"ఆయన ముసలోడు కాదురా. పోయేనాటికి నీకంటె చిన్నోడు."

"సరే తల్లీ, ఆ పిల్లగాని పేరే చెప్దాం. చాల్ కూలగొడుతరు. మనం ఏడుంటమో మనకే తెల్వదు. ఆయన లెంకుకుంట ఏడికొస్తడు? ఒక్కసారి ఇచ్చేస్తే ఒడిసిపోతది."

 చాయ్ తాగి పోయిండు.

ఆయనెవరో సదివేటోళ్లకు ఎరుక కావాలె, రాయి. మీ తాతకు తాత. పేరు బాలయ్య. పాలమూరు దిక్కుకెల్లి వచ్చి ముందుగాల ఈడ రాళ్లు మోసిండు. తర్వాత గోదీల, జహాజులు ఆగే కాడ, బొగ్గు మోసిండు. జర్మనోళ్లతోని లడాయి నడిచే కాలం. ఇంగ్లీషు దొరలు ఒక జహాజుల ఫౌజోళ్లను, కంచరగాడిదలను ఎక్కించి, బొగ్గు ఎత్తనీకి మనోళ్లను గూడ ఎక్కించుకున్నరు. ఎటు పోతుందో ఎవరికి చెప్పలె.

ఆయనతోని పోయి వాపసొచ్చినాయన ఎల్లయ్య. ఆయన చెప్పిందే మాకు తెలుసు. టర్కీ సుల్తాన్ సముద్రం కాడికి పోయి, ముత్యాలు తీసే దీవి ఒకటి ఉంటదంట, ఆడ లంగరేసిండ్రంట. ముందల తోపులు, ఫిరంగులున్న జహాజు కావలి. ఒడ్డు కనిపిస్తది. దిగనియ్యరు. ఎందుకంటే సుల్తాన్ ఎవరి దిక్కు ఉంటడో ఇంకా తేలలె. ఆడెక్కడో ఆయన పట్నంల ఇంగ్లీషు దొరలు కూసోని మాటలు నడుపుతున్నరు. మాట కుదిరితే జహాజు వాపస్. మాట చెడితే దిగి లడాయి. మీద ఎండ, కింద పొయ్యి, నీళ్లు కొలిచి పోస్తరు. వీళ్లు దినాం అడుగుడు, "దిగమన్నరా?" అని. కూలోళ్ల మీది పెద్ద, ముకాదం, దినాం ఒక్కటే మాట, "ఇయ్యాల గాదు."

అట్ల ఉంటుండంగ ఒక తెల్లారి బాలయ్య లేడు. నీళ్లల్ల పడ్డది ఎవరు చూడలె. సప్పుడు ఎవరు ఇనలె.

ఇంటోళ్లు దొరల ఆఫీసుకు పోయి అడిగితే ఏమన్నరంట తెలుసా? సుల్తాన్‌తోని లడాయి అప్పటికి షురూనే కాలె, కానప్పుడు లడాయిల ఎట్ల పోతడు అన్నరంట. జహాజు ఎక్కినట్టు కాగితం ఉంది. దిగినట్టు లేదు. సచ్చినట్టు లేదు.

ఆయన పెండ్లాన్ని నేను చూసిన. నేను కోడలుగ ఈ ఖోలిలకు వచ్చేనాటికి పెద్దవ్వ పండు ముసల్ది. నుదుట ఇంత బొట్టు, చేతుల నిండ గాజులు. పెత్తరమాస నాడు అత్తకిచ్చేది, మామకిచ్చేది. మొగనికి మాత్రం ఇయ్యకపోయేది. పాణం పోయే ముందు నా చెయ్యి పట్టుకొని అన్నది, "ఆయన జహాజు దిగిండని ఎరుకైతే ఇయ్యుండ్రి. దిగకముందే బియ్యమిస్తే మనమే సంపినట్టు." సరే అవ్వా అన్న. ఇప్పటికి నూరేండ్లు దాటింది, బతికుంటడా? నాకు తెల్వదా ఏంది? గానీ మాటిచ్చిన. ఇప్పుడు చూస్తే కొడుకు మాట గూడ తప్పు గాదు. చాల్ పోయినంక ఆయనకు ఇల్లేది? ఇచ్చుడా, ఇయ్యకపోవుడా... అదే తిప్పుకుంట కూసున్న.

అప్పుడు ఇనబడ్డది.

జీనా మీద అడుగులు. కట్టె జీనా, ఎవరెక్కినా కిర్రుమంటది. మీ నాయిన రెండు మెట్లకొకసారి దుంకుతడు. ఇది అట్ల కాదు. ఒక మెట్టు... ఆగింది. ఇంకో మెట్టు... ఆగింది. నెత్తి మీద బరువున్నోడు ఎక్కినట్టు. చెప్పులు లేవు. వట్టి కాళ్లు. తడి కాళ్లు... చప్... చప్...

మొదటి మాలా దాటింది. రెండో మాలా దాటింది.

వాసనొచ్చింది. తడిసిన బొగ్గు వాసన. కింద ఇస్త్రీ ఆయన బొగ్గులు కాలుస్తుండె గానీ, ఆయన నాగ్‌పాడాకు పోయి నెల దాటింది. గీ వాసన ఏడికెల్లి అనుకున్న. అనుకునేలోపట గ్యాలరీల నడిచి వచ్చి... మన దర్వాజ ముందల ఆగింది.

లోపట కడీ, గడియ పెట్టే ఉంది. దర్వాజ పలకల సందుల చీకటి ఉంటది గదా. ఆ చీకటి ఇంకా చిక్కగయింది.

ఊపిరి ఇనబడుతుంది. మోసి మోసి వచ్చినోని ఊపిరి.

"దిగమన్నరా?"

నేను భయపడలె. నిజం చెప్తున్న, అప్పుడు పడలె. కింద ఖాళీ ఖోలీలల్ల పాలమూరు కూలోళ్లు పండుతున్నరు, వాళ్లల్ల ఎవడో అనుకున్న. మాట గూడ ఆ దిక్కు మాటే.

"ఎవరు బిడ్డా? మీ ముకాదం ఈడ లేడు, కింద చూడుపో" అన్న.

పోలె.

టప్... టప్... రేకు మీద వాన.

"లడాయి షురూ అయిందా?"

అప్పుడు... అప్పుడు నా వీపుల నీళ్లు పోసినట్టయింది అశ్వినీ. దీపం దిక్కు చూసిన. అది కదలకుంట కాలుతుంది.  

మళ్ల అడిగిండు. మెల్లగ. కోపం లేదు, ఏడుపు లేదు. ఊకె అలిసిపోయిన మనిషి అడిగినట్టు.

"మాటలు ఇంకా నడుస్తున్నయా... అవ్వా?"

దిగు అనాలె. అంతే గదా? అన్నీ ఒడిసినయి, సుల్తాన్ పోయిండు, దొరలు పోయిండ్రు, దిగు నాయినా, లోపటికి రా, కూసో అనాలె. ఒక్క మాట. ఆ మాట నోట్లనే ఉంది.

గానీ నేనేమన్న తెలుసా? ఈ ఆరు నెలలసంది బిల్డరు మనుషులు సంతకం పెట్టమని వస్తుంటె, ఎనక్కి పంపనీకి నోటికి అలవాటైన మాట ఒకటి ఉంది. సోయి లేదు, ఓపిక లేదు. అదే వచ్చింది.

"ఇయ్యాల గాదు" అన్న.

 ఊపిరి సప్పుడు ఆగింది. తర్వాత... "మంచిది" అన్నడు. అంతే. "మంచిది." అడుగులు మళ్లినయి. చప్... చప్... జీనా దిగినయి. ఒక మెట్టు... ఆగి... ఇంకో మెట్టు.

అప్పుడు సోయి వచ్చింది. గోడ పట్టుకొని లేచి కడీ తీసిన. గ్యాలరీ నిండ చీకటి. "దిగు! దిగొచ్చు!" అని ఒర్రిన. కింద గల్లీల ఏదో మోటరు పోయింది. అంతే.

పొద్దుగాల మీ నాయిన ఇని నవ్విండు. "అమ్మా, కూలోళ్లే. తలుపులు కిందికి దించమన్నరా అని అడిగి ఉంటరు."

"లడాయి అన్నడురా."

"వాళ్ల ఫోన్లల్ల దినాం లడాయి ఖబర్లేనాయె. ఎవనికెవనికో మాటలు నడుస్తనే ఉంటయి. నిన్ను చూసి ముసలమ్మకు ఏమన్న తెలుసేమో అని అడిగిండు, అంతే."

అట్లనే కావచ్చు. కాదనను.

పంతులు కాడికి పోయినం. మీ నాయిన మీ తాత పేరు చెప్పిండు, మా మామ పేరు చెప్పిండు, బియ్యం, పప్పు, కూరగాయ పెట్టిండు. ఒక్క కుప్ప మిగిలింది. "దీనికి పేరు చెప్పు నాయినా" అన్నడు పంతులు. మీ నాయిన నా దిక్కు చూసిండు. నేను ఆ బియ్యం కొంగుల పోసుకొని లేచిన. రాత్రి దిగొద్దని ఎనక్కి పంపిన మనిషికి, పొద్దున బియ్యం ఎట్లిస్త?

పంతులు, "గిట్ల తీస్కపోవుడు పద్ధతి కాదమ్మా" అన్నడు.

"మరి ఏం పద్ధతి ఉంది చెప్పు అయ్యగారూ, నాకు గూడ ఎరుక కావాలె" అన్న. ఆయన మీది బట్ట సర్దుకున్నడు, అంతే.

ఇంటికొచ్చి ఆ బియ్యం వండిన. పప్పు చేసిన. మెట్టుకొకసారి ఆగుకుంట కిందికి పోయి కూలోళ్లను కూసోబెట్టి పెట్టిన. ఒక్కొక్కన్ని మాట్లాడిచ్చిన. "ఏ ఊరు బిడ్డా? ఉప్పు సాలునా?" ఒకడు జడ్చర్ల అన్నడు. ఒకడు, "అవ్వా, మా అమ్మ గూడ గింత మంచిగ వండదు, చెప్పకు" అన్నడు, అందరు నవ్విండ్రు. ఎవరిది ఆ గొంతు కాదు.

కంబం కాడ కూసున్నోడు మాత్రం నోరు తెరవలె.

"ఇంకింత పెట్టనా?" అన్న. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టిండు. చెయ్యి నల్లగ ఉంది. పాత గోడల మసి బిడ్డా, అందరి చేతులు నల్లగనే ఉన్నయి.

"వాడు నిన్న రాత్రే వచ్చిండవ్వా" అన్నడు వాళ్ల ముకాదం. "పని ఉందా అన్నడు, ఉండమన్న. మాట తక్కువ."

"ఏడికెల్లి వచ్చిండు?"

"ఎవరడిగిండ్రు అవ్వా? మోస్తడు, సాలు."

తిన్నడు. వానల పళ్లెం కడిగి తెచ్చి నా చేతికిచ్చిండు. ఏం పేరు బిడ్డా అని నోటి దాక వచ్చింది. అడగలె. ఇంకో పేరు చెప్తే, దర్వాజ కాడికొచ్చిన పెద్దాయనను నేనే మళ్ల సముద్రం మీదికి పంపిన్నని తేలిపోతది. ఆ పేరే చెప్తే... నిలబడేటంత బలం నా కాళ్లల్ల లేదు.

తెల్లారి ముకాదం వాళ్లను వేరే పని మీదికి తోలుకపోయిండు.

ఇంతే. తెల్వదు అని రాయి. ఎవరు తిన్నరో నాకు తెల్వదు. బువ్వ మాత్రం ఒక్క మెతుకు మిగల్లె.