పేరు పెట్టి పిలవని నేస్తం

1965 చలికాలంలో నాకు మశూచి వచ్చింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. బతికాను గానీ ముఖమంతా గుంటలు పడ్డాయి. ఆ తర్వాత ఉగాదికి మా ఆయన పుట్టింట్లో ఉన్న నన్ను చూడటానికి వచ్చారు. మజ్జిగ తాగి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లారు. రాలేదు. ఆయన కలకత్తాలో ఉద్యోగంలో ఉన్నారని ఊళ్లో చెప్పుకునేవాళ్లం.

మా పుట్టిల్లు శ్రీకూర్మానికి నాలుగు మైళ్ల దూరం. నాన్నగారికి చూపు మందగించడంతో పంచాంగం నేనే చూసేదాన్ని. రైతులొచ్చి విత్తనాలకు మంచి రోజు అడిగితే, నేను తలుపు వెనక నుంచి మెల్లగా చెప్పేదాన్ని. ఆయన అరుగు మీద కూర్చుని వాళ్లకు పైకి చెప్పేవారు. వీధి గుమ్మం దాటేదాన్ని కాదు.

1967 జూన్‌లో పక్క ఊరి నుంచి ఒక రైతు మనిషి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మోకాళ్ల దాకా బురద. రోజు చెప్పించుకుని వెళ్లిపోకుండా చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోకి వచ్చేసింది.

"రోజు సెప్పింది నువ్వేనా అమ్మా? మరి తలుపెనకాల ఎందుకు?"

నేను ముఖం తిప్పుకున్నాను. ఆమె ఇటు వచ్చి తీరుబడిగా చూసింది.

"మా గేదికీ ఉన్నాయి మచ్చలు. పాలకేటి లోటు లేదు."

కోపం రావలసిన మాట. నాకు నవ్వొచ్చింది. మా ఆయన వెళ్లిపోయాక, పదిహేను నెలలకు నవ్వడం అదే.

ఆ తర్వాత ప్రతి మంగళవారం సంతకు పోతూ మా పెరట్లో ఆగేది. ఆమె మాట్లాడేది, నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదాన్ని. శీతాకాలానికి నేనూ మాట్లాడాను. కలకత్తా ఉద్యోగం అబద్ధమని, ఆయన నన్ను వదిలేశారని చెప్పాను. నాన్నగారికి, నాకు కాక ఆ సంగతి తెలిసిన మూడో మనిషి ఆమె.

మా వైపు నేస్తం కట్టడమని ఒక ఆచారం ఉంది. దేవుడి ముందు ఇద్దరు ప్రసాదం మార్చుకుని నేస్తాలవుతారు. కులం అడ్డు కాదు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. 'నేస్తం' అనే పిలవాలి. తల్లి నేస్తం పిల్లలకు పిన్నితో సమానం. 1968 ఫాల్గుణ పున్నమినాడు ఆమె నా చెయ్యి పట్టుకుని శ్రీకూర్మం నడిపించింది. ఆ ఉగాది తర్వాత నేను వీధిలో అడుగు పెట్టడం అదే మొదలు, రెండేళ్లకు తొమ్మిది రోజులు తక్కువ. జనం చూశారు. ఆమె చెయ్యి వదల్లేదు. ప్రసాదం నా చేతిలో పెట్టి, "మా పిల్ల పెళ్లిలో నువ్వు నా పక్కన కూకోవాల, నేస్తం" అంది.

ఆ ఏడాదంతా ఆ మాట పట్టుకునే బయటికి వచ్చాను. ఆమెతో సంతకు వెళ్లాను. అరుగు మీద నాన్నగారి పక్కన కూర్చుని రోజులు చెప్పాను.

1969 వైశాఖంలో పిల్ల పెళ్లి. ముహూర్తం నేనే పెట్టాను. రెండు పంచాంగాలు పోల్చి, మూడు లగ్నాలు కొట్టేసి నాలుగోది ఖాయం చేశాను. ఆవపువ్వు రంగు నేతచీర పట్టుకుని వెళ్లాను. పందిట్లో పిల్లకు నలుగు పెడుతున్నారు. వియ్యపురాలు ముఖలింగం వైపు మనిషి. నా ముఖం కేసి చూసి, "ఈవిడెవులు?" అని అడిగింది.

నా నేస్తం పసుపు చేతులతో లేచింది. "పంతులుగారి కూతురు," అని నా పేరు చెప్పింది. "ముహూర్తం పెట్టినారు. సూసెల్దారని వొచ్చినారు."

పద్నాలుగు నెలల్లో నా పేరు ఆమె నోట అదే మొదటిసారి. 'వొచ్చినారు' అని గౌరవించి మాట్లాడటం కూడా అదే మొదటిసారి. ఆమె ఆడపడుచు నా చేతిలో చీర అందుకుని, పందిరి చివర ఒక పీట చూపించింది. తాళి కట్టేదాకా ఉన్నాను. లగ్నం దాటిన ఏడు నిమిషాలకు కట్టారు. అన్నం తినకుండా నడిచి వచ్చేశాను.

మృగశిర కార్తె ముందు ఆమె పెరటి గుమ్మంలోకి వచ్చింది. "నేస్తం" అని పిలిచింది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను.

"మొగుడొదిలేసిన మనిషిని పక్కన కూకోబెడితే సమ్మంధం తిరిగిపోతాదని మా ఆడబిడ్డ అంది. నానేటి సేస్తాను?"

ఆడపడుచుకు ఆ సంగతి ఎలా తెలిసిందని నేను అడగలేదు. తెలిసినవాళ్లం ముగ్గురమే. నాన్నగారు చెప్పరు. నేను చెప్పలేదు.

ఆమె "విత్తనాలకి రోజు సెప్పవా?" అంది.

తలుపు వేసుకుందామనే లేచాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. మళ్లీ ఆ చీకట్లోకి పోవడానికి మనసొప్పలేదు. పంచాంగం తీసుకుని వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను. ఆమె చుట్టూ తిరిగి వచ్చి, మిగతా రైతుల వెనక నిలబడింది. వంతు వచ్చాక ఆమెను పేరు పెట్టి పిలిచి, బుధవారం మంచిదని చెప్పాను.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. అప్పుడు ఒక్కసారి పలికాను.