జారడానికి చోటు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, మమ్మల్ని జోర్డాన్ చేర్చే బస్సులో కడప నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. కువైటీల ఇంట్లో పనిచేసేదట. ఒళ్ళో సంచి లేదు, ఇంటిల్లిపాదీ కలిసి తినే పెద్ద అన్నం పళ్ళెం ఉంది. ఇదెందుకక్కా అన్నాను.

"చలికాలం వాళ్లతో టర్కీ కొండలకు పోతాం నాయనా. పిల్లోళ్లు దీని మింద కూచోని మంచులో జారుతారు. చోటు ఎతికేది నేనే, కింద బండ్లు తిరిగే రోడ్డు ఉండగూడదు. ముందు నేను జారాల, బాగుంటే వాళ్లు."

"ఇప్పుడు వాళ్లేరి?"

"రాత్రికి రాత్రే సౌదీకి పోయినారు. నన్ను లేపలేదు." పళ్ళెం అంచు కొంగుతో తుడిచింది. "కనపడితే ముందు దీన్నే అడుగుతారు."

జోర్డాన్‌లో కొండలు మొదలయ్యాయి. ఆమె కిటికీలోంచి ఒక వాలు చూపించింది. "ఇది పనికొస్తాది. కింద రోడ్డు లేదు."

ఇప్పటికీ ఎక్కడ కొండ కనిపించినా, ముందు దాని కింద రోడ్డుందా అని చూస్తాను.