బాలిలో మన చెట్టు

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది, మనిషిని విమానం ఎక్కించి సముద్రం దాటిస్తే చాలు, ఆనందం దానంతటదే వచ్చేస్తుందని. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, నమ్మకాలు గట్టిగా ఉండే వయసు. మాది రాజోలు దగ్గర పల్లె, నాన్నగారికి కొబ్బరితోట. ఆయన దేన్నీ "బాగుంది" అనరు. నా పరీక్షల ఫలితాలు చూసి "ఊఁ" అన్నారు. ఉద్యోగం వచ్చిందంటే "ఊఁ, సరే" అన్నారు (ఆ "సరే"ని నేను చాలాకాలం దాచుకున్నాను). ఈసారి ఆయన నోట "బాగుందమ్మా" అనిపించి తీరాలని అమ్మనీ నాన్నగారినీ బాలి తీసుకెళ్లాను. బాలి ఎందుకంటే, ఫొటోల్లో కొబ్బరిచెట్లు, వరిచేలు, కాలవలు ఎంతో అందంగా ఉన్నాయి. అవన్నీ మా అరుగు మీంచే కనిపిస్తాయన్న సంగతి అప్పుడు తట్టలేదు.

దిగేసరికి అమ్మ పెట్టె రాలేదు. అది వేరే దేశం వెళ్లిందని కౌంటరులో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. అమ్మ ప్రార్థన చేసింది గానీ, పెట్టె మనసు మారలేదు. ఆవిడ ఆ నాలుగు రోజులూ నా చుడీదార్లలోనే తిరిగి, ఒక్క ఫొటోకీ ఒప్పుకోలేదు. హోటలు చేరగానే వాన పట్టుకుంది. పడవ ప్రయాణం రద్దయింది. కొండ చూపిస్తానన్న డ్రైవరు మబ్బు చూపించాడు. ఒక కోతి నా కళ్లజోడు పట్టుకుపోయింది కాబట్టి ఆ తరవాతి అందాలన్నీ నాకు మసగ్గానే తెలుసు. "ఈ వానేదో మనూళ్లోనూ పడుద్ది కదే" అంది అమ్మ. నాన్నగారు మాత్రం "ఊఁ" అనడం కూడా మానేశారు. నాకు భయమేసింది అందుకే.

మూడోరోజు పొద్దున్న ఆయన గదిలో లేరు. వెతుక్కుంటూ కిందికి వెళితే, ఈతకొలను పక్కన గొడుగేసుకుని ఒక కొబ్బరిచెట్టు తలమీది లేతాకుల మొవ్వు వైపు తలెత్తి చూస్తున్నారు.

"కొమ్ముపురుగమ్మా. ఆకు చూడు, కత్తెరేసినట్టు లేదూ? ఒక్కళ్లూ పట్టించుకున్నట్టు లేరు."

"నాన్నగారూ, మనం సెలవుకొచ్చాం."

"పురుక్కి సెలవేంటమ్మా?"

తిన్నగా హోటలు కౌంటరుకి వెళ్లి, "మీ చెట్టుకి పురుగు పట్టిందండీ, ఆయ్" అని ఎంతో మర్యాదగా తెలుగులో చెప్పేరు. నేను ఇంగ్లీషులో చెప్పాను. వాళ్లు క్షమాపణలు చెప్పుకుని మా గది మార్చారు. కొత్త గదిలోంచి చెట్టు ఇంకా బాగా కనిపిస్తోంది.

ఇక తోటమాలిని పట్టుకున్నారు. ఆయనదీ నాన్నగారి వయసే. ఆయన వాళ్ల భాషలో, ఈయన రాజోలు తెలుగులో మాట్లాడుకున్నారు, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి. తోటమాలి ఇనప కొక్కెంతో నిచ్చెనెక్కాడు. "ఎడమ పక్కండీ, ఆ లేతాకు మొదట్లో. అద్గదీ!" అంటూ కింద నాన్నగారు. నల్లటి పురుగు బయటికొచ్చింది. మళ్లీ పురుగు రాకుండా మొవ్వులో ఇసుకతో కలిపి పొయ్యడానికి వేపపిండి దొరకలేదు గానీ, ఇసుకకి ఆ హోటల్లో కొదవ లేదు. అమ్మ గొడుగు పట్టింది. మా ఆఖరి కార్యక్రమం, గుళ్ల దర్శనం, దానికి పెట్టుకున్న పొద్దంతా ఆ గొడుగు కిందే గడిచిపోయింది. నా ప్రయాణమంతా పాడైపోయిందని నేను గదిలో కూర్చుని నిజంగానే ఏడ్చాను.

సాయంత్రం తోటమాలి మా ముగ్గురికీ బొండాలు కొట్టిచ్చాడు. నాన్నగారు తాగి, మూతి తుడుచుకుని "బాగుంది" అన్నారు.

నేను బొండం కింద పెట్టేశాను. "ట్రిప్పా, నాన్నగారూ?"

"నీళ్లమ్మా."

ఇంటికొచ్చాక ఆయన బాలి గురించి ఎవరికీ చెప్పలేదు. కానీ ఏడాదికోసారి ఫోనులో "ఆ చెట్టెలా ఉందో కనుక్కో" అంటారు. నేను హోటలుకి రాస్తాను. మొన్న వాళ్లు తోటమాలి చెట్టు పక్కన నిలబడ్డ ఫొటో పంపారు, చెట్టునిండా గెలలు. తోటలో కాయల దింపు తీయడానికి వచ్చిన వాళ్లందరికీ నాన్నగారు అది చూపించేరట, "మన చెట్టేనండీ, బాలిలో ఉంటుంది" అని. ఆ మాట ఫోనులో అమ్మ చెబుతుంటే, కళ్లజోడు లేకుండా హోటలు గదిలో కూర్చుని ఏడుస్తున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒక్కసారి కిటికీ దాకా వచ్చి చూసుంటే, అమ్మ ఇప్పుడు చెప్పిన సంగతి మసగ్గానైనా అప్పుడే తెలిసేది, కింద వానలో నాన్నగారు నవ్వుతున్నారని.