నల్లబండ ముందు నెల్లాళ్ల కసరత్తు

ముందే చెబుతున్నాను, ఇది నా సొంత తెలివితో నా సొంత భుజాన్ని పాడుచేసుకోబోయిన వైనం. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. ఫోను తప్పు లేదు, డాక్టరమ్మ తప్పు లేదు, మా ఆవిడ తప్పు అసలే లేదు. ఆ చివరి ముక్క రాశానో లేదో చూడడానికి మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది.

నాది తాడిపత్రిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిష్ పని. ఓబులేసు పాలిష్ పట్టిన బండలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారని అడగకండి, నేనే పెట్టుకున్నాను. మా వైపు ఏళ్ల తరబడి సరైన వాన పడదు గానీ, నేను జారిపడడానికి కావలసిన నీళ్లు మాత్రం ఆ రోజు మిషన్ కింద నిండుగా ఉన్నాయి. కుడి భుజం ఎముక చిట్లింది. నెలన్నర పాటు చేతికి పట్టీ వేసి మెడకు వేలాడదీశారు. పట్టీ తీశాక చూస్తే చెయ్యి రొమ్ము దాకా లేచి అక్కడే ఆగిపోతోంది. చొక్కా మా ఆవిడ రామాంజినమ్మే తొడగాలి, తల కూడా ఆమే దువ్వాలి. నలభై రెండేళ్ల మనిషిని గుమ్మంలో నిలబెట్టి బడి పిల్లాడికి పెట్టినట్టు బొత్తాలు పెడుతుంటే వీధంతా పని మానుకుని చూసేది.

అనంతపురంలో ఫిజియోథెరపీ డాక్టరమ్మ నా ఫోనులో ఏదో వేసి ఇచ్చింది.

"రోజూ ఇంత దూరం వచ్చే పని లేదన్నా. ఇంట్లోనే దీని ముందర నిలబడి చెయ్యెత్తు. కెమెరా నీ కీళ్లు గుర్తుపట్టి, చెయ్యి ఎంత ఎత్తుకు లేచిందో కొలిచి నాకు పంపిస్తాది. బాగా ఎత్తితే శభాష్ అంటాది. కానీ ఒకటి చెప్తా విను. నీకు ఉండేది రెండు నెలలే. ఆలోపల చెయ్యి తల పైకి లేయకపోతే భుజం అట్లనే బిగుసుకుపోతాది. మళ్లా మిషన్ పట్టుకునేది కష్టం."

ఆ చివరి మాటకు నా ధైర్యం జారిపోయింది. పాలిష్ తప్ప నాకు ఇంకో పని రాదు. బస్సు దిగేలోగా మాత్రం ధైర్యం తిరిగొచ్చింది. రాళ్లను లొంగదీసినవాణ్ని, ఫోను ఒక లెక్కా అనుకున్నాను.

ఇంట్లో ఫోను స్టూలు మీద పెట్టి ఎదురుగా నిలబడితే, "మీరు పూర్తిగా కనబడడం లేదు. దయచేసి వెనక్కి జరగండి" అంది. జరిగాను. మళ్లీ జరగమంది. వీపుకు గోడ తగిలింది. మా గదిలో అంతకన్నా వెనక్కి జరగాలంటే పక్కింటివాళ్ల వంటింట్లో నిలబడాలి. వీధిలో పెట్టి చూస్తే, కెమెరాకు నాతోపాటు అరుగు మీది ఇద్దరు ముసలాళ్లు కూడా దొరికారు.

అప్పుడు నా కళ్లు గోడకు ఆనించి ఉన్న నల్లబండ మీద పడ్డాయి. మూల విరిగిందని ఓనరు ఇచ్చేస్తే, వంటగట్టుకు పనికొస్తుందని మూడేళ్ల కింద తెచ్చింది. ఆరడుగుల బండ. నేను పట్టిన పాలిష్. అందులో నేను తల నుంచి కాళ్ల దాకా కనబడుతున్నాను. స్టూలును బండకూ నాకూ మధ్య పెట్టి, ఫోను కెమెరాను బండ వైపు తిప్పి, నేను ఫోను వెనక నిలబడ్డాను. బండలోని నన్ను చూసి ఫోను వెంటనే ఒప్పుకుంది. గది రెండింతలైంది. ఇంజనీర్లకు కూడా తోచని ఉపాయమని నన్ను నేనే మెచ్చుకున్నాను.

"కుడి చేతిని నెమ్మదిగా పైకి ఎత్తండి" అంది ఫోను.

పళ్లు బిగించి ఎత్తాను. లెక్క సున్నా. మళ్లీ ఎత్తాను. సున్నా. నాలుగోసారికి కళ్లలో నీళ్లు తిరిగాయి, లెక్క మాత్రం తిరగలేదు. అంతలో ఎడమ చెవి మీద దోమ వాలింది. ఎడమ చెయ్యెత్తి కొట్టాను.

"శభాష్. ఒకటి" అంది ఫోను.

నమ్మలేక మళ్లీ ఎడమ చెయ్యే ఎత్తాను. "శభాష్. రెండు."

రామాంజినమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. "ఏమయ్యా, నొప్పి కుడి చేతికి గదా. ఎడమ చెయ్యి ఎందుకు ఎత్తతాండావు?"

"ఫోనే శభాష్ అంటాంటే నీకేమి? రెండు చేతులకూ నరం ఒకటే. ఈ పక్క లాగితే ఆ పక్క సడలతాది."

"కుడి చెయ్యి అని నాకు వినపడతాండాది."

"నువ్వు కంప్యూటరు చదివినావా? సుమ్మనుండు."

చదువుకున్నది నేనూ కాదని ఆమె అనలేదు. చొక్కా తొడిగేటప్పుడు మాత్రం ఆ రోజు బొత్తాలు కొంచెం గట్టిగా పెట్టింది.

నెల రోజులు పూటకు ముప్పైసార్లు, నొప్పి లేకుండా, పాట పాడుకుంటూ చేశాను. మరి కుడి చెయ్యి సంగతేమిటని మీరు అడుగుతారు. నేను దాన్ని కదిలించి చూడలేదు. సంగటి ఉడికేటప్పుడు ఊరికే మూత తీసి చూస్తామా? డాక్టరమ్మ కూడా ఫోను చేసి, "నూట డెబ్బై డిగ్రీలు వచ్చినాదన్నా. ఇంత తొందరగా నేను యాడా చూడలేదు" అంది. నేను వెంటనే ఫ్యాక్టరీకి పోయి, నా మిషన్ చూసుకుంటున్న ఖాజాను పిలిచాను.

"సోమవారం నుంచి నేనే వస్తాండా."

"చెయ్యి లేస్తాండాదా ఓబులేసన్నా?"

"నూట డెబ్బై" అన్నాను, అది నా జీతమైనంత గర్వంగా.

శనివారం నేనూ మా ఆవిడా, పనికి పోవచ్చనే చీటీ కోసం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఎత్తమంది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి జెండాలా పైకి లేపాను.

"అది కాదన్నా, కుడిది."

కుడిది ఎత్తాను. రొమ్ము దాకా వచ్చి ఆగింది. నెల కింద ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగింది. డాక్టరమ్మ నా చెయ్యిని చూసి, రిపోర్టును చూసి, మళ్లీ చెయ్యిని చూసింది. రెండు నెలల్లో ఒకటి అయిపోయింది.

"అన్నా, ఫోను యాడ పెట్టి చేసినావు?"

నల్లబండ ఉపాయం చెప్పాను. ఆ స్థితిలో కూడా పాలిష్ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాను. ఆమె లేచి, నన్ను గోడ మీది అద్దం ముందు నిలబెట్టి, ఎడమ చెయ్యెత్తమంది. అద్దంలో నాకు ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి చెయ్యెత్తాడు. నెల్లాళ్లూ ఫోను చూసింది ఆ మనిషినే.

"నెల దినాలుగా మొత్తుకుంటాండా" అంది రామాంజినమ్మ, గోడకు చెబుతున్నట్టు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది.

"రిపోర్టు అబద్ధం కాదన్నా. ఆ బండలో ఉండే ఆయప్పకు భుజం పూర్తిగా బాగైపోయినాది. సోమవారం ఆయప్పను పనికి పంపు. నువ్వు ఇట్ల రా, ఈ పొద్దు నుంచి మొదలుపెడదాం."

ఆ మిగిలిన నెల నేను వీధిలోనే చెయ్యెత్తాను. అరుగు మీది ముసలాళ్లను పక్కకు జరిపితే, వాళ్లు అక్కణ్నుంచి ఫోనుకన్నా గట్టిగా లెక్కపెట్టారు. ఏడ్చాను, తిట్టాను, ఎత్తాను. గడువుకు మూడు రోజుల ముందు చెయ్యి చెవి దాటింది. ఆ పొద్దు నా చొక్కా నేనే తొడుక్కున్నాను. రామాంజినమ్మ దువ్వెన నా కుడి చేతికిచ్చింది. నల్లబండ మూడేళ్ల తర్వాత వంటగట్టెక్కింది.

కాబట్టి పాఠకులారా, ఇకమీదట నేను పాలిష్ పట్టిన దాని ముందు నిలబడి నా తెలివిని నేను మెచ్చుకోనని, మా ఆవిడ కుడి అంటే కుడేనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చెయ్యెత్తి మరీ చేస్తున్నాను. ఏ చెయ్యో అనుమానముంటే రామాంజినమ్మను అడగండి, బండను మాత్రం అడగకండి.