అత్త బుగ్గన మంచుముక్క

ఫ్రీజర్ ట్రేను మెలిపెడితే మంచుముక్కలు పటపటమని విడే చప్పుడుకి మా అత్త గుర్తొస్తుంది. ఇందాక పాపకి నిమ్మరసం చేద్దామని ట్రే తీసి, అలాగే నిలబడిపోయాను. ఆవిడ నాకు మేనత్త, తరవాత అత్తగారు. మా ఇంట్లో తరతరాలుగా మేనరికాలే. మియాపూర్‌లో మా దగ్గరే ఉంటూ డయాలసిస్‌కి వెళ్లేది. నీళ్లు కొలిచి తాగాలి. దాహమేస్తే ఒక మంచుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా కబుర్లు చెప్పేది.

నిజాంపేటలో మా బాబాయి గృహప్రవేశం నాడు పిన్ని అందరికీ మంచినీళ్లు ఇస్తూ, అత్త దగ్గరికి రాగానే "వదినకి ఇవాళ ఉపవాసం" అంది. మా వాళ్లు ఆ జబ్బును అలాగే దాచేవారు, పిల్లలకి సంబంధాలు రావని.

"ఉపవాసమైతే ఆ పులిహోర ఎవరు తింటారు? నా కిడ్నీలు పోయాయి" అంది అత్త.

"పెళ్లికావలసిన పిల్లలున్న ఇల్లు వదినా, కాస్త మెల్లగా."

"అందుకే గట్టిగా చెబుతున్నాను. మా చెల్లి ఒళ్లంతా వాపులొచ్చి పోతే దిష్టి అన్నారు. ఇది మన రక్తంలోనే ఉందట. మనలో మనమే చేసుకుంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా బిడ్డకి వస్తుందన్నారు డాక్టరుగారు. చూపించుకోండి."

పిన్ని గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నా ఒళ్లో పాప నిద్రపోతోంది. నాదీ బావదీ కూడా ఆ రక్తమే.

ఆ తరవాత రోజూ పొద్దున్నే పాప ముఖం ఉబ్బిందేమోనని చూసేదాన్ని. పరీక్షకి మాత్రం ధైర్యం చాలలేదు. "తెలుసుకోకపోతే జబ్బు ఆగుతుందా అమ్మడూ?" అని అత్తే మమ్మల్ని బయల్దేరదీసింది. రక్తం తీసేటప్పుడు పాప గుప్పిట్లో మంచుముక్క పెట్టి, తానేమో కళ్లు గట్టిగా మూసుకుంది. "జర కళ్లు తెరువు పెద్దమ్మా, సూది పాపకు, నీకు కాదు" అని నర్సు నవ్వింది.

ఫలితం వచ్చేదాకా నాకు తిండి సయించలేదు. పాపకి అది ఒక వైపు నుంచే వచ్చిందట, రెండు వైపుల నుంచీ వస్తే తప్ప జబ్బు రాదన్నారు. ఆ సాయంత్రం అత్త రెండు మంచుముక్కలు ఒకేసారి బుగ్గన పెట్టుకుని, "పండగ" అంది.

అత్త పోయి ఏడాది దాటింది. మొన్న మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. కూతురికి మా వాళ్లలోనే సంబంధం చూస్తున్నారట. "ఆ పరీక్ష ఎక్కడ చేయించారే?" అంది గొంతు తగ్గించి.

చుట్టూ టీమ్ వాళ్లంతా అన్నం తింటున్నారు. లేచి పక్కకి వెళ్లబోయి, మళ్లీ కూర్చున్నాను. ఎక్కడ చేయించామో, ఎందుకు చేయించామో, మొదటి నుంచీ అందరికీ వినపడేలా చెప్పాను.