బోర్కీ నుంచి లైన్ క్లియర్

మా ఎదురు వాటాలో ఉండే గెర్వాజీ గారు ఓల్షాంకా స్టేషన్ మాస్టరుగా ముప్ఫై ఒక్కేళ్ళు చేశారు. అదే స్టేషన్‌లో పందొమ్మిదేళ్ళు టికెట్లు ఇచ్చింది నేను. ఆయన లెక్కలో రైల్వే అంటే రెండే రకాల మనుషులు. బండ్లు నడిపించేవాళ్ళు, కాగితాలు చింపేవాళ్ళు. నేను రెండో రకం. ఆ సంగతి గుర్తు చేయకుండా ఆయన నాకు ఒక్క పండగ శుభాకాంక్ష కూడా చెప్పి ఎరుగరు.

స్టేషన్ మూసేసి పదిహేనేళ్ళయింది. పట్టాలు పీకి తారు పోశారు. ఇప్పుడు ఆదివారాలు పిల్లాపాపలతో హెల్మెట్లు పెట్టుకుని జనం సైకిళ్ళు తొక్కుతారు. గెర్వాజీ గారు పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో స్నేహితులంటూ లేరు. ఉన్నదల్లా ఒక గొంతు. పక్క స్టేషన్ బోర్కీలో మాస్టరుగా చేసిన అడేలా అనే ఆవిడది.

బండి వదిలే ముందు పక్క స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్, అంటే దారి ఖాళీగా ఉందన్న మాట, అడగాలి. "బోర్కీ, నాలుగు వందల పన్నెండుకి లైన్ క్లియరా?" "నాలుగు వందల పన్నెండుకి లైన్ క్లియర్." అంతే. రోజుకి ఇరవైసార్లు. చెక్క గోడకి ఇవతల కూర్చుని పందొమ్మిదేళ్ళు విన్నాను, ఒక్క మాట ఎక్కువ మాట్లాడుకోలేదు ఇద్దరూ. ఎదురుపడిందైనా రెండుసార్లే, రెండుసార్లూ రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్షకి వరసలో నిలబడినప్పుడు. ప్రేమంటారా? నన్నడగకండి. అంతకంటే తక్కువ మాటలతో కాపురాలు చేసినవాళ్ళని నేను చూశాను.

నాలుగేళ్ళ కిందట ఆయన పాత కంప్యూటర్ ఒకటి కొన్నారు. అందులో రైళ్ళ ఆట. కావలసినవాళ్ళు బండి నడపొచ్చు, లేదంటే స్టేషన్ కేబిన్‌లో కూర్చుని సిగ్నళ్ళు ఇవ్వొచ్చు. పక్క స్టేషన్‌లో కూర్చునేది కూడా నిజం మనిషే, ఎక్కడో తన ఇంట్లో తను. ఆట తయారుచేసేవాళ్ళు ఏడాదికో కొత్త లైను కలుపుతారు. ఈసారి ఏ లైను వస్తుందన్నదాని మీద, ఆడేవాళ్ళంతా ఇంటర్నెట్‌లో రాసుకునే వేదికలో ఏడాది పొడుగునా వాదులాటే. ఎన్నికలప్పుడు కూడా మా ఊళ్ళో అంత రచ్చ జరగదు. ఆటవాళ్ళలో ఎవరు ఏ స్టేషన్‌లో ఫోటోలు తీస్తూ కనిపించారు, ఎవరు నోరు జారారు, అన్నీ లెక్కకొస్తాయి. ఓల్షాంకా పేరు మీద అక్కడ పోట్లాడేది గెర్వాజీ గారొక్కరే. ఓట్లు పెట్టినప్పుడు నా చేత కూడా ఖాతా తెరిపించారు. ఓల్షాంకా–బోర్కీ లైనుకి రెండు ఓట్లు పడ్డాయి.

డీజిల్ అని పేరు పెట్టుకున్నవాడు ఒకడుండేవాడు. "తాతా, అక్కడ పట్టాలే లేవు కదయ్యా. నీ లైను గీసిపెడితే ఆడేదెవరు, కుందేళ్ళా?" అని రాశాడు. ఆయన దానికి రెండు పేజీల జవాబిచ్చారు, ప్లాట్‌ఫారం కొలతలతో సహా.

ఫిబ్రవరిలో ఆటవాళ్ళు ఒక బొమ్మ వదిలారు. రాబోయే లైనుకి ఆనవాలట. ఇటుక గోడ ముక్క, నీలం తలుపు, దాని పక్కన కిలోమీటరు రాయి. రాయి మీద నలభై ఏడు. గెర్వాజీ గారు చెప్పులు తిరగేసి తొడుక్కుని నా తలుపు కొట్టారు. మా స్టేషన్ నలభై ఏడో కిలోమీటరులోనే ఉండేది. తలుపూ నీలమే. మంచు తోసే బండి తగిలి మా రాయి మూల ఒకప్పుడు విరిగింది, బొమ్మలో కూడా ఆ విరుపు కనిపిస్తోందన్నారు. నాకైతే నీడలా కనిపించింది. అనలేకపోయాను.

"లైను వచ్చిందంటే బోర్కీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, ఒటీలియా గారూ. నేను అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి."

టికెట్లావిడా అనకుండా పేరుతో పిలిచిన రోజు అదొక్కటే. ఆయన ఎవరో ఒకరు అన్నారు గానీ నా చెవికి అడేలా అనే వినపడింది. ఆరేళ్ళ కిందట బోర్కీ చర్చి గోడ మీద ఆవిడ చావు కబురు కాగితం అంటించి ఉండగా నేను చూశాను. వచ్చి ఆయనకి చెప్పలేదు. ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. ఆయన టై కట్టుకుని కూర్చున్నారు. నేను గసగసాల కేకు పట్టుకెళ్ళాను. తెర మీద కొండలు, బొగ్గు వ్యాగన్లు వచ్చాయి. ఎక్కడో దూరాన సిలేసియా బొగ్గు గనుల వైపు లైను. ఆ ఇటుక గోడా, ఆ నీలం తలుపూ అక్కడివి.

ఆయన చాలాసేపు చూసి, "ప్రతి లైనుకీ ఒక నలభై ఏడు ఉంటుంది," అన్నారు. కిలోమీటర్లు లైను మొదట్నుంచి లెక్కపెడతారని కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ పాఠం చెప్పిన మనిషి. ఎప్పుడూ వెక్కిరించే డీజిల్ ఆ రోజు, "బాధపడకు తాతా, వచ్చే ఏడు చూద్దాం," అని రాశాడు. వెక్కిరించినా బాగుండేది.

ఎనిమిది రోజులు ఆ ఇంట్లోంచి చప్పుడు లేదు. తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగూ ఇరవైకి, పాత నాలుగు వందల పన్నెండో బండి వేళకి, వేదికలో ఆయన పేరుతో ఒక్క వాక్యం పడింది. "బోర్కీ, నాలుగు వందల పన్నెండుకి లైన్ క్లియరా?" ఎవరికీ అర్థం కాలేదు. ఒకడు నవ్వు బొమ్మ పెట్టాడు. మర్నాడు అదే వేళకి అదే వాక్యం. మూడో రోజూ అంతే.

ఆ వాక్యం ఎక్కడిదో తెలిసింది నాకొక్కదానికే. బోర్కీ అనే పేరుతో ఇంకో ఖాతా తెరిచి, "లైన్ క్లియర్, గెర్వాజీ గారూ. పంపండి," అని రాశాను.

పది నిమిషాలకి తలుపు చప్పుడైంది.

"టికెట్లావిడా," అన్నారు గుమ్మంలోనే నిలబడి, "నంబరు చెప్పకుండా క్లియర్ అంటే ఏ బండికి క్లియర్? ఏ మాస్టరూ అలా ఇవ్వడు. బండ్లు గుద్దుకునేది అందుకే. పైగా అడేలా నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఓల్షాంకా అనేది."

తప్పయిందన్నాను. ఆవిడ పోయిందని మీకు ముందే చెప్పాల్సింది, నోరు రాలేదన్నాను.

"తెలుసు. సమాధుల పండక్కి వెళ్ళి కొవ్వొత్తి పెట్టొచ్చాను, ఆ ఏడాదే. వాళ్ళవాళ్ళు మీరెవరని అడిగారు. ఏం చెప్పాలో తోచక, ఓల్షాంకా అన్నాను." "వాళ్ళకి అర్థం కాలేదు."

"మరి రోజూ ఎవర్ని అడుగుతున్నారండీ?"

ఆయన నా గుమ్మంలో ఉన్న చెప్పుల వైపు చూశారు. ఒక్క జతే ఉంది అక్కడ, నాది.

"అడిగాక జవాబు రాకపోతే బండి కదలదు," అన్నారు. మెట్ల దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగారు. "రేపు నంబరుతో చెప్పండి."

అప్పట్నుంచీ రోజూ నాలుగూ ఇరవైకి నా ఫోన్ మోగుతుంది. ఆయన అడుగుతారు, నేను చెబుతాను, పెట్టేస్తారు. ఒకసారి రాత్రికేం వండుకున్నారని అడిగాను. లైన్ మీద సొంత మాటలొద్దని కసిరారు.

మొన్న గురువారం మోకాళ్ళ డాక్టరు దగ్గర ఆలస్యమైంది. నేను మెట్లెక్కుతుంటే లోపల ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. కోటు కూడా విప్పకుండా ఎత్తాను.

"బోర్కీ," అన్నారాయన. "నాలుగు వందల పన్నెండుని ఇరవై ఆరు నిమిషాలు ఆపాను."

"ఓల్షాంకా, నాలుగు వందల పన్నెండుకి లైన్ క్లియర్," అన్నాను.

ఆయన పెట్టేశారు. నేను కోటుతోనే వంటింట్లో కూలబడ్డాను. డాక్టరు గారు కాగితాల్లోంచి తల కూడా ఎత్తలేదు. ఆ రోజంతా నా గొంతు వినాలని ఎదురుచూసిన మనిషి గెర్వాజీ గారొక్కరే.